మూడో గాజు

నలభై మూడో ఏట ఈత నేర్చుకున్నాను
బన్‌బరీ ఊరి కొలనులో,
ఆరేళ్ళ పిల్లలు చేపపిల్లల్లా జారిపోయే వరసకి పక్క వరసలో.
నేర్పింది గ్వెండా. అరవై ఏడేళ్ళ మనిషి.
ఒకప్పుడు గొర్రె ఉన్ని వేళ్ళతో తడిమి
రకం చెప్పే ఉద్యోగం.
నన్ను పావుగంట చూసి అంది:
"ఎందుకలా కొడుతున్నావు నీళ్ళని?
అవేం చేశాయి నిన్ను?"

తర్వాత రెండేళ్ళు
నాలుగూ పదికి అలారం.
గ్యారేజీలో కదలని సైకిలు,
కింద చెమట మడుగు.
ఏడింటికి ఆసుపత్రిలో రక్తం తీసే పని.
నరం వెతుకుతుంటే
గోళ్ళ కింద గొలుసు నూనె చూసి
చెయ్యి వెనక్కి లాక్కున్న పెద్దావిడ ఒకావిడ.
ఆదివారాలు నూట యాభై కిలోమీటర్లు,
అప్పులవాడిలా ఎదురుగాలి,
మలుపు తిరిగినా వదిలేది కాదు.

మా ఆయన ఒక్కటే అడిగాడు:
"గెలిస్తే ఏమిస్తారు?"
ఏమీ ఇవ్వరు. మనమే కట్టాలి.
"ఓహో" అని పేపరు తిప్పాడు.

డిసెంబరు. బస్సెల్టన్.
సముద్రంలోకి నడిచి వెళ్ళి
ఎందుకొచ్చానో మరిచి ఆగిపోయినట్టుండే
ఆ పొడుగాటి చెక్క వంతెన.
దాన్ని చుట్టి రావాలి.
ఎవరి మడమో నా ముక్కుకి తగిలింది,
నా మోచెయ్యి ఎవరికి తగిలిందో.
కొసన, లోతు ఆకుపచ్చగా మారే చోట,
ఒక్క క్షణం
నీళ్ళని కొట్టడం మానేశాను.
అవి మోశాయి.

సైకిలు మీద గుట్ట లేదు, దిగుడు లేదు,
కాబట్టి కాళ్ళకి సెలవూ లేదు.
టువార్ట్ చెట్ల నీడ రావడం, పోవడం.
జేబులో జెల్ వేడెక్కి గోరువెచ్చని జిగురు,
మింగితే పైకొస్తుంది.
నూట పదో కిలోమీటరు దగ్గర
రేకు కాగితం విప్పి
చింతపండు, బెల్లం, రాళ్ళుప్పు దంచిన ఉండ
బుగ్గన పెట్టుకున్నాను.
దవడలు జివ్వుమన్నాయి. ప్రాణం లేచొచ్చింది.
నూట నలభైలో టైరు దిగింది.
ఇంట్లో తొమ్మిది నిమిషాల్లో మార్చే ట్యూబు
అక్కడ ఇరవై ఆరు నిమిషాలు.
వేళ్ళు నావి కావు.

ఇక పరుగు. నాలుగు చుట్లు.
చుట్టు చుట్టుకీ ఒక పిల్ల
ముంజేతికి రబ్బరు పట్టీ తొడుగుతుంది:
నీలం, పసుపు, ఆకుపచ్చ, చివర ఎరుపు.
నాలుగూ ఉంటేనే ఆఖరి దారి తెరుస్తారు.
చీకటి పడ్డాక ఎవరూ ఎవరి మొహం చూడరు,
పెళ్ళింట్లో ఆడవాళ్ళలా
ముందు చేతులకేసే చూపులు.
ఒక్క నీలంతో వాంతి చేసుకుంటున్న కుర్రాడు
నా రెండూ చూసి
"నీకేం, అదృష్టవంతురాలివి" అన్నాడు.

ఆకుపచ్చది తొడిగే వేళకి పదీ అయిదు.
ఇంకా పదిన్నర కిలోమీటర్లు. నలభై నిమిషాలు.
లెక్క నాకూ వచ్చు.
పసుపు చొక్కా పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాడు,
గడియారం చూశాడు, నా కాళ్ళు చూశాడు,
ఏమీ అనకుండా
మోకాళ్ళ మీద వంగాడు
చీలమండకున్న చిప్పు విప్పడానికి.

"అయ్యో, వద్దు తాతా,
నాకు ఆయుష్షు తగ్గిపోతుంది!"
తెలుగులోనే అరిచాను.
పదహారు గంటల తర్వాత
నోట్లో ఇంకో భాష మిగల్లేదు.
నొప్పి అనుకున్నాడు పాపం,
ఇంకా నెమ్మదిగా,
నిద్రపోయే పిల్ల కాలి నుంచి పట్టీ తీసినట్టు
తీశాడు.

అప్పుడొచ్చింది ఏడుపు.
ఓడినందుకు కాదని గ్వెండాకి చెప్పాను.
నమ్మినట్టు తలూపింది.

మర్నాడు సోమవారం.
సెలవే, అలారం కూడా తీసేశాను.
అయినా నాలుగూ పదికి మెలకువొచ్చేసింది.
మంచం మీద కూర్చుని చూసుకుంటే
కాళ్ళు రెండూ కమిలిపోయి ఉన్నాయి,
చిప్పున్న చోట తప్ప.
అక్కడ వేలెడు వెడల్పున
ఎండ ఎరగని చర్మం.
దాన్ని కాసేపు రుద్దుకున్నాను.
తర్వాత లేచి
తడి ఈత బట్టలు ఆరేశాను,
ఇవాళ్టికి ఆరితే
రేపటికి పనికొస్తాయని.